పైకి వెళ్లేకొద్దీ సడలే మేజోడు

ఈ సాక్సుని ముచ్చటపడి కొనేవాళ్లు ఉండరు. డాక్టరు చీటీ మీద రాస్తేనో, అమెరికాలో ఉన్న కూతురు ఫోన్లో పదేపదే పోరితేనో మందుల షాపుకి వెళ్లి అడుగుతారు. షాపువాళ్లు వెరికోస్ సాక్సులంటారు, డాక్టర్లు కంప్రెషన్ స్టాకింగ్స్ అంటారు. పెట్టె విప్పితే మోకాలి కింద దాకా వచ్చే జత ఒకటి బయటపడుతుంది. ధర చూసి ‘సాక్సులకింతా?’ అనుకోని ఇల్లుండదు. పైగా ఆ రంగొకటి. పెట్టె మీద ‘స్కిన్ కలర్’ అని రాసి ఉంటుంది గానీ ఆ చర్మం మనలో ఎవరిదో అంతుపట్టదు.

అయినా సరే, ఇంత పనితనం ఉన్న గుడ్డ మామూలు ఇళ్లలోకి ఇంకోటి వస్తోందా అని నాకు అనుమానమే. పట్టుచీరలో పనితనం కంటికి కనబడుతుంది కాబట్టి నలుగురూ మెచ్చుకుంటారు. ఇందులోది కనబడదు. తిరగేసి, రెండు చేతులతో లాగి, కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తే తప్ప చిక్కదు. అలాగే చూద్దాం.

ముందు పెట్టె మీది అంకె. దూర ప్రయాణాలకని అమ్మేవాటి మీద ఎక్కువగా 15–20 అని ఉంటుంది. బీపీకి వాడే కొలతే ఇది, పాదరసం మిల్లీమీటర్లలో. తొడుక్కున్నాక గుడ్డ కాలిని అంత ఒత్తిడితో పట్టి ఉంచుతుందని అర్థం. అయితే ఆ అంకె కాలంతటికీ వర్తించదు. అది చీలమండకి కాస్త పైన, కాలు అన్నిటికంటే సన్నగా ఉండే చోటుది. అక్కణ్ణుంచి పిక్క మీదికి వచ్చేసరికి ఒత్తిడి తగ్గాలి. మోకాలి కిందికి వచ్చేసరికి ఇంకా తగ్గాలి. బిగించడానికి ఏ రబ్బరు బ్యాండైనా చాలు. పైకి వెళ్లేకొద్దీ ఎంతెంత సడలాలో అంతంతే సడలడం, నడుమ ఎక్కడా నొక్కు పడకుండా సడలడం, పదహారు గంటలు కూర్చున్నా ఆ వరస తప్పకపోవడం, ఈ వస్తువు నేర్చిన విద్యంతా ఇదే.

అసలు ఎందుకు సడలాలి? దానికి జవాబు కాలిలో ఉంది.

గుండె నుంచి రక్తం కాళ్లలోకి దిగడం సులువు. తిరిగి ఎక్కడమే కష్టం. నిలబడ్డ మనిషికి గుండె నుంచి చీలమండకి దాదాపు 120 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, అంత ఎత్తు రక్తం బరువంతా చీలమండ దగ్గర సిరల మీద పడుతుంది. లెక్క వేస్తే 90 మిల్లీమీటర్ల పైచిలుకు. ఈ బరువుని ఎదిరించి రక్తాన్ని పైకి పంపే ఏర్పాటు రెండు భాగాలుగా ఉంది. మొదటిది సిరల లోపల చిన్న చిన్న తలుపులు. ఇటలీలోని పాడువాలో శరీర నిర్మాణం బోధించిన ఫాబ్రీషియస్ 1603లో వాటి గురించి బొమ్మలతో సహా పుస్తకం వేశాడు గానీ, అవి దేనికో సరిగ్గా పట్టుకోలేకపోయాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో పట్టుకున్నాడు. మోచేతి పైన కట్టు కట్టి, ముంజేతి మీద ఉబ్బిన సిరని ఒక వేలితో నొక్కి, ఇంకో వేలితో అందులోని రక్తాన్ని పైకి తోసి చూపించాడు. తోసిన రక్తం మళ్లీ కిందికి దిగలేదు. తలుపులు ఒకవైపే తెరుచుకుంటాయి, గుండె వైపు. ఎవరి చేతి మీద వాళ్లు ఇంట్లోనే చేసి చూసుకోవచ్చు.

రెండోది పిక్క. పిక్క కండరాల లోపల, ముఖ్యంగా అడుగున ఉండే సోలియస్ కండరంలో, వెడల్పైన సిరలున్నాయి. అడుగు వేసినప్పుడల్లా కండరం బిగుసుకుని వాటిని పిండుతుంది, తలుపులు దారి చూపిస్తాయి, రక్తం ఒక అంతస్తు పైకి వెళ్తుంది. నడుస్తున్న మనిషికి చీలమండ దగ్గర ఒత్తిడి 90 నుంచి 20, 30కి పడిపోతుంది. పిక్కని రెండో గుండె అనడం ఊరికే వచ్చిన మాట కాదు.

కూర్చున్నామా, ఈ రెండో గుండె ఆగిపోయినట్టే. మోకాలు మడతపడి వెనకాల పెద్ద సిర వంగుతుంది. సీటు అంచు తొడ కింద నొక్కుతుంది. సిరల్లో రక్తం మందగిస్తుంది, అందులోని నీరు చుట్టూ కండలోకి ఊరుతుంది. దిగేటప్పుడు చెప్పులు పట్టకపోవడం అందుకే. చాలామందికి ఇది వాపుతో, బరువుతో తీరిపోతుంది. కొద్దిమందిలో మాత్రం లోపలి సిరలో రక్తం గడ్డకడుతుంది. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దం నడుమ చేసిన పరిశోధనల మీదే, గడ్డల విషయంలో ఈనాటి వైద్యం ఇంకా నడుస్తోంది. గడ్డకి మూడు కారణాలు చెబుతారు: ప్రవాహం మందగించడం, సిర గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం ఎక్కువ కావడం. దూర ప్రయాణం మొదటిదాన్ని ధారాళంగా ఇస్తుంది. మూడోదాన్ని గర్భం, కొత్తగా అయిన ఆపరేషన్, కాన్సర్, గర్భనిరోధక మాత్రల్లాంటివి తెచ్చిపెడతాయి. గడ్డ కాల్లోనే ఉంటే ఒక బాధ, ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు.

దీన్ని జనం విమానాల జబ్బుగా అనుకుంటారు గానీ విమానాలు ఇంకా సామాన్యులకి అందని రోజుల్లోనే ఇది బయటపడింది. 1940లో లండన్ మీద జర్మనీ బాంబులు వేస్తున్నప్పుడు జనం రాత్రిళ్లు షెల్టర్లలో తలదాచుకునేవాళ్లు. పడుకునే చోటు లేక చాలామంది మడత కుర్చీల్లో కూర్చునే తెల్లవార్లూ గడిపారు. బాంబు తగలనివాళ్లు కొందరు తెల్లారి లేచి నడవబోయి కూలిపోయారు. శవపరీక్షలు చేసిన కీత్ సింప్సన్ ఆ సంవత్సరమే లాన్సెట్ పత్రికలో రాశాడు: ఊపిరితిత్తుల్లో గడ్డలు; కారణం కుర్చీ ముందువైపు కర్ర పట్టీ రాత్రంతా తొడల వెనక నొక్కడం. షెల్టర్లలో కూర్చోవడానికి బదులు పడుకునేలా బంకులు అమర్చాలన్నది అందులోంచి వచ్చిన జవాబు. హైదరాబాదు నుంచి విశాఖకి రాత్రి బస్సులో సీటు బుక్ చేయాలా, బెర్తు బుక్ చేయాలా అని తటపటాయించే పెద్దవాళ్లకి ఆ జవాబు ఇప్పటికీ పనికొస్తుంది. బోస్టన్ సర్జన్ జాన్ హోమన్స్ 1954లో ఇలాంటివే మరికొన్ని పోగుచేశాడు. అందులో విమానం ఎక్కినవాళ్లున్నారు, కారులో దూరం వెళ్లినవాళ్లున్నారు, నాటకం చూడటానికి వెళ్లి కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

ఇక మన మేజోడు దగ్గరికి వద్దాం. కాలిని బిగించి కట్టడం కొత్త సంగతి కాదు. పుండ్లు పడ్డ కాళ్లకి కట్లు కట్టడం హిప్పోక్రటీస్ నాటికే తెలుసు. రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరచడం తెలిశాక, 1848లో ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్‌లో విలియం బ్రౌన్ రబ్బరు దారాలతో సాగే మేజోడుకి పేటెంటు తీసుకున్నాడు. ఒంటి మీద ఒరిపిడి భరించలేనిదై ఉండాలి, ఎందుకంటే మూడేళ్లకే జొనాథన్ స్పార్క్స్ ఆ రబ్బరు దారానికి నూలు, పట్టు చుట్టే పద్ధతి కనిపెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లపాటు దారాలు సన్నబడ్డాయి, అల్లిక మెరుగుపడింది. బిగువు మాత్రం బిగువే. పైన ఎంత, కింద ఎంత అన్న లెక్క కుదరలేదు.

ఆ లెక్క ఒక ఇంజనీరుకి తట్టింది, అదీ నీళ్లలో నిలబడి. కాన్రాడ్ జాబ్స్ట్ జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లి ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో స్థిరపడ్డ యంత్ర నిర్మాత. చాలా పేటెంట్లున్నవాడు, కాలి సిరల జబ్బుతో పుండ్లు పడి ఏళ్లతరబడి బాధపడ్డవాడు. ఈతకొలనులో నిలబడ్డప్పుడు నొప్పి తగ్గుతోందని గమనించాడు. ఇంకొకరైతే చల్లదనం వల్ల అనుకుని ఊరుకునేవారు. ఆయన లెక్క కట్టాడు. నీళ్ల ఒత్తిడి లోతుని బట్టి పెరుగుతుంది: మీటరు లోతున 74 మిల్లీమీటర్ల పాదరసం, అర మీటరుకి అందులో సగం, నీటిమట్టం దగ్గర సున్నా. సిరల లోపల రక్తం బరువు కూడా సరిగ్గా అదే వరసలో కింద ఎక్కువ, పైన తక్కువ. లోపల నుంచి ఎంత తోపుడు ఉందో బయట నుంచి నీళ్లు అంతకి దగ్గరగా ఎదురు తోస్తున్నాయి. అందుకే సిర ఉబ్బడం లేదు, తలుపులు మళ్లీ మూసుకోగలుగుతున్నాయి. ఆ కొలనుని గుడ్డలో నేయాలి. 1950లో టొలీడో నుంచి అలాంటి మేజోళ్లు బయటికొచ్చాయి. ఆయన పేరు ఇప్పటికీ పెట్టెల మీద కనిపిస్తుంది.

నాకు ఈ కథలో నచ్చేది కొలను కాదు, రోగే ఇంజనీరు కావడం. డాక్టర్లకి కాలు తెలుసు, నేతగాళ్లకి దారం తెలుసు. రెంటి నడుమా ఒత్తిడి అంటే ఏమిటో తెలిసినవాడు ఒకడు కావలసి వచ్చింది.

ఇప్పుడు సాక్సుని తిరగేద్దాం. లోపలి వైపుని రెండు బొటనవేళ్ల నడుమ అడ్డంగా లాగి వెలుతురుకి పెడితే రెండు రకాల దారాలు విడివిడిగా తెలుస్తాయి. ఒకటి మామూలు సాక్సుల్లో ఉన్నట్టే ఉచ్చులు ఉచ్చులుగా అల్లుకున్నది. రెండోది కొంచెం లావు, ఉచ్చులు పడదు. వరసల నడుమ చుట్టూ సూటిగా పరుచుకుని, ఒక ఉచ్చుకి ముందు నుంచి, మరో ఉచ్చుకి వెనక నుంచి దూరుతూ కాలి చుట్టూ తిరిగి వస్తుంది. ఉచ్చులు దాన్ని జారిపోకుండా పట్టుకుంటాయి, అంతే. కాలిని పట్టి ఉంచే పని ఈ రెండోదానిది. తయారీదారులు దీన్ని ఇన్‌లే దారం అంటారు. మామూలు సాక్సులో ఇది ఉండదు. మామూలు సాక్సు ఎంత బిగువుగా ఉన్నా దీనికి సాటి రాకపోవడానికి ఇదొక్కటే చాలు.

ఆ దారాన్ని ఒక్కదాన్నే కత్తిరించి విప్పితే లోపల ఇంకో పని బయటపడుతుంది. నడుమ సన్నటి సాగే తీగ, దాని మీద రెండు నైలాను పోగుల చుట్టు. మన జరీ ఎలా చేస్తారో అలాగే: పట్టు పోగు మీద వెండి తీగ చుట్టినట్టు. తేడా ఒకటుంది. ఇక్కడ ఒక పోగు కుడికి తిరిగితే దాని మీది పోగు ఎడమకి తిరుగుతుంది. రెండూ ఒకవైపే తిరిగి ఉంటే దారం తనంతట తాను మెలికపడి గుడ్డ పక్కకి ఒరిగిపోయేది. ఎదురెదురు చుట్లు ఒకదాని మెలికని ఒకటి చంపేసి దారాన్ని సూటిగా ఉంచుతాయి. ఇంకో పని కూడా చేస్తాయి. లాగుతూ పోతే ఒక చోట చుట్లు పూర్తిగా సాగి తాడు బిగుసుకున్నట్టు ఆగుతాయి, లోపలి తీగ అంతకు మించి సాగదు. అంటే ఈ గుడ్డ ఎంతవరకు లొంగాలో దారం చుట్టే రోజునే తేలిపోయింది.

ఆ సాగే తీగ కథ కూడా చిన్నది కాదు గానీ క్లుప్తంగా చెబుతాను. మొదట రబ్బరు. చెమటకీ, నూనెకీ, ఎండకీ పాడయ్యేది. డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ 1958లో వర్జీనియాలో స్పాండెక్స్ తయారుచేశాక రబ్బరు కంటే సన్నగా, ఎక్కువ కాలం మన్నేలా దారం తీయడం వీలైంది. లైక్రా అన్న పేరుతో మనందరికీ తెలిసింది అదే.

దారం సిద్ధం. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త లాప్లాస్ పేరుతో ఒక సూత్రం ఉంది: గుండ్రటి వస్తువు చుట్టూ గుడ్డ ఒకే బిగువుతో చుట్టి ఉంటే, వస్తువు సన్నదైతే దాని మీద ఒత్తిడి ఎక్కువ, లావైతే తక్కువ. చీలమండ చుట్టుకొలత 22 సెంటీమీటర్లు, పిక్క 36 అనుకుందాం. రెండు చోట్లా దారం బిగువు ఒకటే అయితే చీలమండ దగ్గర 20 ఉన్న ఒత్తిడి పిక్క దగ్గర 12కి దిగుతుంది. అంటే కాలి ఆకారమే సగం పని చేసిపెడుతోంది. అయితే పని ఇంత సులువా? కాదు. ఒకే వెడల్పు గొట్టాన్ని కాలికి తొడిగితే లావుగా ఉన్న పిక్క దగ్గర గుడ్డ ఎక్కువ సాగుతుంది, ఎక్కువ సాగితే బిగువు పెరుగుతుంది, ఆకారం ఇచ్చిన లాభాన్ని సాగుడు తినేస్తుంది. ఫుట్‌పాత్ మీద ‘ఫ్లైట్ సాక్స్’ అని అమ్మే చవక రకాల్లో చాలావాటి పాపం ఇదే. చీలమండ దగ్గర వదులు, పిక్క దగ్గర ఉరి. రక్తాన్ని పైకి పంపాల్సిన వస్తువు దారిలో అడ్డుకట్ట వేస్తుంది.

మంచి మేజోడులో ప్రతి వరసా వేరు. యంత్రంలో సూదులు గుండ్రటి స్తంభం చుట్టూ నిలువుగా నిలబడి ఉంటాయి. మోకాలికి, పిక్కకి, చీలమండకి సూదుల సంఖ్య మారదు. మార్చేవి రెండు: ఉచ్చు ఎంత పొడవు పడాలి, ఇన్‌లే దారాన్ని ఎంత లాగి పరచాలి. పిక్క దగ్గర ఉచ్చులు పెద్దవి, దారం ధారాళంగా ఇస్తారు. చీలమండకి దిగేకొద్దీ ఉచ్చు చిన్నది, దారం పొదుపు. ఈ మార్పు మెట్లు మెట్లుగా కాదు, వరస వరసకీ కొద్దికొద్దిగా. మళ్లీ వెలుతురుకి పెట్టి వేలితో కింది నుంచి పైకి జరుపుతూ చూడండి: చీలమండ దగ్గర గుడ్డ చిక్కగా ఉంటుంది, పైకి పోతుంటే పలుచనవుతుంది, కానీ ‘ఇదిగో ఇక్కడ మారింది’ అని వేలు ఆపగలిగే చోటు ఉండదు. ఆ చోటు దొరికిందంటే పనివాడు తప్పాడన్నమాట.

మడమ దగ్గర యంత్రం తిరగడం మానేసి ఊగుతుంది. సగం సూదులతో ముందుకీ వెనక్కీ అల్లుతూ, అంచుల్లో ఒక్కొక్క సూదిని వదిలేస్తూ, మళ్లీ ఒక్కొక్కదాన్నీ కలుపుకుంటూ గుడ్డకి జేబులాంటి పొట్ట పెడుతుంది. ఆ జేబు లేకపోతే మడమ దగ్గర లాగుడు అంతా పాదం మీది మడతలోకి చేరి కోసుకుంటుంది. పాదం దగ్గర గుడ్డని మళ్లీ కాస్త వదులు చేస్తారు. ఇక పై అంచు. మామూలు సాక్సులో అన్నిటికంటే బిగువుగా ఉండేది అదే, విప్పాక కాలి మీద గాడి పడేది అక్కడే. ఇందులో పై అంచు వెడల్పుగా, మెత్తగా, ఒత్తిడిలో అన్నిటికంటే వెనకబడి ఉంటుంది. జారకుండా నిలబడాలి, నొక్కకూడదు. ఈ రెండూ ఒక అంగుళం గుడ్డలో సాధించడం నాకైతే మడమ కంటే గొప్ప పనిగా కనిపిస్తుంది.

ఇన్ని చేసినా లాప్లాస్ సూత్రం ఇంకో చోట ఎదురుతిరుగుతుంది. కాలు గుండ్రంగా ఉండదు. ముందు ముంగాలు ఎముక అంచు పదును. పదునంటే చిన్న గుండ్రం, అక్కడ ఒత్తిడి అనుకున్నదానికంటే ఎక్కువ. చీలమండ గుబ్బ వెనక గుంట. గుంట మీద గుడ్డ వంతెనలా పైనుంచి పోతుంది, ఒత్తిడి పడదు. పుండ్లున్న రోగులకి డాక్టర్లు ఆ గుంటలో మెత్తటి దిండు పెట్టడం ఈ లోటు పూడ్చడానికే. ప్రయాణానికి తొడుక్కునేవాళ్లకి అంత అవసరం రాదు గానీ, బక్కచిక్కిన కాళ్లవాళ్లు ముంగాలు మీద ఎర్రబడుతోందేమో చూసుకోవాలి.

ఈ వరసంతా నిజంగా కుదిరిందో లేదో కొలిచే ఏర్పాటూ ఉంది. జర్మనీలో బోనిగ్‌హైమ్‌లోని హోహెన్‌స్టైన్ సంస్థ మేజోడు పొడవునా భాగాలుగా పట్టుకుని లాగి, ఏ ఎత్తున ఎంత ఒత్తిడి వస్తోందో చెప్పే యంత్రం చేసింది. చీలమండ దగ్గర నూరైతే పిక్క దగ్గర డెబ్బై, తొడ దాకా వచ్చే రకమైతే తొడ దగ్గర నలభై అన్నది తయారీదారులు ఎక్కువగా చెప్పే నిష్పత్తి. కొనేవాళ్లు ‘క్లాస్ 1’ అన్న మాట నమ్ముకోకూడదు. జర్మన్ కొలతలో క్లాస్ 1 అంటే 18–21, బ్రిటిష్ కొలతలో 14–17. మిల్లీమీటర్ల అంకె చదువుకోవడమే నయం.

ఇంత పనీ టేపు తప్పితే వృథా. షాపులో ‘మీ చెప్పు సైజెంతండీ’ అని అడిగి పెట్టె తీసిస్తే తీసుకోకూడదు. చీలమండ పైన సన్నటి చోటు చుట్టుకొలత, పిక్క లావైన చోటు చుట్టుకొలత, మడమ నుంచి మోకాలి మడత దాకా పొడవు, ఈ మూడూ కావాలి. పొద్దున్న లేచిన వెంటనే, కాళ్లు వాయకముందు కొలవాలి. సాయంత్రం కొలిస్తే వాపుకి సాక్సు కొన్నట్టవుతుంది.

తొడుక్కోవడం కూడా ఒక పనే. మామూలు సాక్సులా పోగుచేసి లాగితే నాలుగు మడతల బిగువు ఒకేసారి చీలమండ మీద పడుతుంది, ఇక కదలదు. చెయ్యి లోపలికి పోనిచ్చి మడమ జేబుని పట్టుకుని అక్కడి దాకా తిరగేయాలి. ముందు పాదం, తర్వాత మడమ జేబు మడమకి సరిగ్గా కూర్చోవాలి, ఆపైన అరచేతులతో కొద్దికొద్దిగా పైకి రుద్దాలి. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లోవ్స్ వేసుకుంటే గుడ్డ పట్టు చిక్కుతుంది. మన ఆడవాళ్లకి ఇంకో చిక్కుంది, ఏ కంపెనీ కాగితం మీదా రాయనిది: మెట్టెలు. మెట్టె అంచు ఒక్క ఉచ్చుని పట్టిందంటే ఇన్‌లే దారం బయటికొస్తుంది, ఆ వరసలో పట్టు పోతుంది. తీయడానికి మనసొప్పనివాళ్లకి వేళ్లు తెరిచి ఉండే రకం దొరుకుతుంది, అది తీసుకోవాలి. పట్టీలు మాత్రం తీయాల్సిందే. గుడ్డ కింద పట్టీ ఉంటే పదిహేను గంటల్లో గొలుసు చర్మంలో అచ్చు పడుతుంది. పై అంచు పొడవెక్కువైందని మడిచేవాళ్లుంటారు. మడిస్తే అక్కడ ఒత్తిడి రెట్టింపై కాలికి కట్టు కట్టినట్టే అవుతుంది, వరసంతా తలకిందులు. బెర్తు మీద కాళ్లు మడుచుకుని కూర్చునే అలవాటున్నవాళ్లు కూడా మోకాలి కింద గుడ్డ పోగుపడిందేమో మధ్యమధ్య తడిమి చూసుకోవాలి.

ఇంతకీ ఇది పనిచేస్తుందా? పనితనాన్ని మెచ్చుకోవడం వేరు, ఫలితం వేరు. లండన్‌లో జాన్ స్కర్ బృందం 2001లో లాన్సెట్‌లో ఒక పరీక్ష ప్రచురించింది. యాభై దాటిన ప్రయాణికులని రెండు జట్లు చేసి, ఎనిమిది గంటలకు మించిన విమాన ప్రయాణాలకి ఒక జట్టుకి ఈ మేజోళ్లు ఇచ్చారు. తిరిగొచ్చాక స్కానింగ్ తీస్తే మేజోళ్లు లేని 116 మందిలో 12 మందికి పిక్క సిరల్లో గడ్డలు కనిపించాయి, బయటికి ఏ లక్షణమూ లేకుండానే. వేసుకున్నవాళ్లలో ఒక్కరికీ లేవు. అయితే వేసుకున్నవాళ్లలో అప్పటికే ఉబ్బు నరాలున్న నలుగురికి పైసిరల్లో వాపు వచ్చింది. ఆ సంగతీ రాశారు. తర్వాత కాక్రేన్ సమీక్ష ఇలాంటి పరీక్షలు తొమ్మిదింటిని కలిపి 2,637 మందిని లెక్కించింది: లక్షణాలు లేని గడ్డలు 50 మందికి, అందులో మేజోళ్లు వేసుకున్నవాళ్లు ముగ్గురు. కాళ్ల వాపు కూడా తగ్గింది. ఆ పరీక్షల్లో ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు కాబట్టి, ప్రాణాలు కాపాడతాయా అన్నదానికి వాటిలో జవాబు వెతకకూడదు.

అలాగని అందరూ భయపడి కొనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన లెక్క ప్రకారం నాలుగు గంటలకు మించిన ప్రయాణంతో గడ్డ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది, అయినా ఆరు వేలమందిలో ఒకరికి. విమానమే కాదు, బస్సైనా రైలైనా కారైనా అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మధ్యదారి పక్క సీటు, గంటకోసారి లేచి నాలుగడుగులు, కూర్చున్నచోటే మడమలూ మునివేళ్లూ మార్చిమార్చి ఎత్తడం చాలు. కిటికీ సీటులో కూర్చున్నవాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది, కారణం లేవడానికి మొహమాటం. ఇంతకుముందు గడ్డ వచ్చినవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, బాగా లావైనవాళ్లు, కాన్సరుకి మందు వాడుతున్నవాళ్లు డాక్టరుని అడిగి మేజోడు వేసుకోవాలి. కొందరి కాళ్లకి మాత్రం ఇది శత్రువు: పాదానికి రక్తం తెచ్చే ధమనులే పూడుకుపోయినవాళ్లకి, షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకి. తిరిగి వెళ్లే దారిని సరిచేయబోయి వచ్చే దారిని నొక్కేస్తుంది. మన ఇళ్లలో షుగరు లేని ఇల్లు అరుదు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి.

దీనికి ఆయుష్షు కూడా తక్కువే. రోజూ వేసుకుంటే ఆరు నెలలు. వాడిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లలో మెత్తటి సబ్బుతో ఉతకాలి. ఉతక్కపోతే చెమట, నూనె సాగే తీగని తింటాయి. బట్టల కంఫర్ట్ వేయకూడదు, పిండకూడదు, ఎండలో ఆరేయకూడదు.

నా ఫిర్యాదు ఒకటి మిగిలింది. రంగు, వేడి, ధర, ఇవి సర్దుకుపోగలిగినవి. ఈ మేజోడు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల చేతులకే దీన్ని ఎక్కించుకునే బలం ఉండదు. డెబ్బై ఏళ్ల అమ్మమ్మ, వేళ్ల కీళ్లు వాచి, నడుము వంగక, తెల్లవారుజామున శంషాబాదు బయల్దేరే హడావిడిలో ఇరవై మిల్లీమీటర్ల గుడ్డతో కుస్తీ పడటం చూస్తే ఇంత తెలివి ఖర్చుపెట్టినవాళ్లు ఇక్కడెందుకు ఆగిపోయారా అనిపిస్తుంది. తీగలతో చేసిన స్టాండు ఒకటుంది. సాక్సుని ముందే దాని మీద విప్పి ఉంచితే కాలు దించడమే మిగులుతుంది. వేళ్లు తెరిచిన రకానికైతే జారుడు గుడ్డ సంచి ఒకటి ఇస్తారు, పాదానికి అది ముందు తొడిగి, మేజోడు దాని మీదుగా జారాక వేళ్ల వైపు నుంచి లాగేస్తారు. ఈ రెండూ మన మందుల షాపుల్లో అడిగితే బిక్కమొహం వేస్తారు. ఇంకో దారి, కాలికి చుట్టి వెల్‌క్రోతో అంటించే పట్టీలు. ఎంత లాగి అంటించాలో కొన్ని రకాల మీద గీతలు వేసి ఉంటాయి, వాచితే విప్పి మళ్లీ అంటించుకోవచ్చు, చేతిలో బలం పెద్దగా అక్కర్లేదు. చీర కింద కనబడవు కూడా. షూలోకి దూరవు, పట్టీకీ పట్టీకీ నడుమ మెట్లు పడతాయి, అల్లికలోని ఆ సడలింపు వీటిలో ఉండదు. అయినా సూట్‌కేసులో మడిచి పెట్టుకుపోయిన మేజోడు కంటే కాలికి ఉన్న పట్టీయే మేలు. అమ్మమ్మకైతే నేను ఇవే కొంటాను.